ఫార్మాట్ కొట్టక్కర్లేదు, బాబాయ్!

పాత కంప్యూటర్లో కొత్త కార్డు బిగించడానికి ఒక స్టార్ స్క్రూడ్రైవరు, అయిదు నిమిషాల టైము చాలు. ఆ కార్డు మీద కంప్యూటర్‌ని నడిపించడమే అసలు పని. దానికి ఏది ముందు, ఏది తర్వాత అన్న వరస తెలియాలి. వరస తప్పితే నీలం తెర వస్తుంది. నీలం తెర వచ్చిందంటే మన ఊళ్ళల్లో వినపడే మాట ఒకటే: "విండోస్ పోయిందండీ, ఫార్మాట్ కొట్టాలి."

తెనాలిలో డీటీపీ షాపు నడుపుకునే మా బాబాయ్‌కి కూడా సరిగ్గా ఇదే మాట చెప్పారు. సరే అనబోయే ముందు ఎందుకైనా మంచిదని నాకు ఫోన్ చేశాడు. "ఒరేయ్, నువ్వు కంప్యూటరోడివి కదా, కొట్టమంటావా వద్దా?" నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని. మా ఇళ్ళల్లో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ అంటే ప్రింటర్ దగ్గర్నుంచి వాషింగ్ మెషీన్ దాకా అన్నీ తెలిసినవాడని లెక్క. "కొట్టొద్దు బాబాయ్. స్విచ్ ఆపేసి, శనివారం నేనొచ్చేదాకా ఎవర్నీ ముట్టుకోనివ్వకు" అన్నాను.

"అంత పాత కంప్యూటర్ మీద ఇంత తాపత్రయం ఎందుకు, కొత్తది కొనుక్కోవచ్చుగా?" అని మీరు అడగొచ్చు. నేనూ అడిగాను. బాబాయ్ దగ్గర దీనికి జవాబు ఉంది. శుభలేఖలు, కరపత్రాలు, పెద్దకర్మ కార్డులు, స్కూలు ప్రోగ్రెస్ రిపోర్టులు అన్నీ పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో చేసినవి. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. ఆ ఫాంట్లు యూనికోడ్ కావు. అంటే ఫైల్‌లో ఉన్నది తెలుగు కాదు, ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చోబెట్టిన తెలుగు బొమ్మలు. ఆ ఫాంటు, ఆ సాఫ్ట్‌వేర్ లేని కంప్యూటర్లో తెరిస్తే "చి.ల.సౌ." కాస్తా పిచ్చి గీతలైపోతుంది. మళ్ళీ ఇన్‌స్టాల్ చేద్దామంటే సీడీలు గీతలుపడి చదవడం మానేశాయి. దానికి తోడు బటర్ పేపర్ మీద ఆఫ్‌సెట్ ప్రెస్సుకి కాపీ తీసే పాత లేజర్ ప్రింటర్ ఒకటుంది. అది వెనకవైపు ఉండే వెడల్పాటి ప్యారలల్ పోర్టుకి తప్ప దేనికీ తగలదు. కొత్త బోర్డుల్లో ఆ పోర్టు దాదాపు కనపడదు.

కాబట్టి ఫార్మాట్ కొడితే పోయేది విండోస్ కాదు, షాపు. పైగా బాబాయ్‌కి ఫైళ్ళన్నీ డెస్క్‌టాప్ మీదే పెట్టుకునే అలవాటు. "సీ డ్రైవ్ ఒక్కటే కొడతాను, మీ ఫైళ్ళకేం కాదు" అన్న మెకానిక్ కుర్రాడికి, డెస్క్‌టాప్ కూడా సీ డ్రైవ్‌లోనే ఉంటుందన్న సంగతి ఆ హడావిడిలో తట్టలేదు. రోజుకి పది ఇళ్ళు తిరిగేవాడు, అతన్ని అనడానికేం లేదు.

ఇక పెట్టె జాతకం. 2009లో అసెంబుల్ చేయించింది. కోర్ టూ డ్యూయో ప్రాసెసరు, జీ31 చిప్‌సెట్ బోర్డు, 2 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, 32 బిట్ విండోస్ 7. ఆ బోర్డు మీద నాలుగు సాటా పోర్టులుంటాయి. నాలుగింటినీ చూసుకునేది ఐసీహెచ్7 అనే ఒకే చిప్. వానాకాలంలో కరెంటు పోయి ఒక్కసారిగా ఎక్కువ వోల్టేజీతో వచ్చిన రోజు రెండు పోర్టులు చచ్చిపోయాయి. మూడోది ఉండుండి డిస్క్‌ని మర్చిపోతోంది. మిగిలింది ఒకటే. మెకానిక్ కుర్రాడు ఆలోచించింది సబబుగానే ఉంది: ఒక సాటా కంట్రోలర్ కార్డు కొని ఖాళీ స్లాట్‌లో పెట్టి, డిస్క్‌ని దానికి తగిలించాడు. విండోస్ గుర్తు కనపడింది, వెంటనే నీలం తెర, చివర 7బీ అని ఉన్న నంబరు.

ఆ 7బీ అంటే డిస్క్ పాడైందని కాదు, విండోస్ పోయిందని అసలే కాదు. "నేను ఏ డిస్క్ మీంచి లేస్తున్నానో ఆ డిస్క్ నాకే కనపడటం లేదు" అని విండోస్ మొర. ఇదేం విడ్డూరం, కనపడకపోతే అంతదాకా ఎలా లేచింది? అక్కడే ఉంది కిటుకు.

కంప్యూటర్ ఆన్ చేయగానే ముందు నడిచేది బయోస్. అది బోర్డు మీద ఉన్న కార్డులన్నిటినీ పలకరిస్తూ, వాటిలో సొంత ప్రోగ్రాం ఉన్న చిన్న చిప్ ఏమన్నా ఉందా అని వెతుకుతుంది. దాన్నే ఆప్షన్ రోమ్ అంటారు. సాటా కార్డు మీద ఆ రోమ్ ఉంటే, "డిస్క్ నుంచి ఏదన్నా చదవాలంటే నన్నడుగు" అని బయోస్‌కి చెప్పుకుంటుంది. ఆ సాయంతో విండోస్ మొదటి ముక్కలు మెమరీలోకి వస్తాయి. కాస్త ఓపిక వచ్చాక విండోస్ బయోస్‌ని పక్కకి నెట్టేసి, తన సొంత డ్రైవర్‌తో డిస్క్‌ని పట్టుకోవాలని చూస్తుంది. ఆ కార్డుకి డ్రైవర్ ముందే సిద్ధంగా లేకపోతే పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు అంటాం కదా, విండోస్ నడి ఏట్లోనే తగలేస్తుంది.

నిజానికి విండోస్ 7లో ఆ కార్డుకి సరిపోయే డ్రైవర్ పుట్టుకతోనే ఉంది. కాకపోతే నిద్రపోతూ ఉంటుంది. విండోస్ వేసేటప్పుడు ఈ బోర్డు మీద ఏహెచ్‌సీఐ పద్ధతి లేదు (మామూలు ఐసీహెచ్7కి అది రాదు), పాత ఐడీఈ పద్ధతే. "ఈ డ్రైవర్‌తో మనకి పనిలేదు" అని విండోస్ దాన్ని బూటింగ్ జాబితాలోంచి తీసి పక్కనపెట్టింది. మెకానిక్ కుర్రాడు కార్డు పెట్టడం, డిస్క్ మార్చడం రెండూ ఒకేసారి చేశాడు. డిస్క్‌ని పాత పోర్టులోనే ఉంచి, కార్డు మాత్రం పెట్టి ఒక్కసారి విండోస్‌ని లేపి ఉంటే కథ అక్కడితో అయిపోయేది.

శనివారం పొద్దున తెనాలి చేరేసరికి షాపు షట్టర్ సగం దించి ఉంది. వచ్చేముందు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీకి వెళ్ళి 500 జీబీ ఎస్‌ఎస్‌డీ, 1 టీబీ బయటి డిస్క్ ఒకటి కొన్నాను. 480 జీబీవి కాస్త చవగ్గా దొరుకుతాయి. కానీ 500 జీబీ డిస్క్‌ని ఉన్నదున్నట్టు కాపీ చేయాలంటే 480లో పట్టదు. ఈ సంగతి షాపువాళ్ళు చెప్పరు, మనమే గుర్తుపెట్టుకోవాలి.

పవర్ తీగ పీకేసి పెట్టె విప్పితే దుమ్ము, ఎండిపోయిన బల్లి గుడ్ల పెంకులు. బ్లోయర్ కొట్టి, క్యాబినెట్ ఇనుము ముట్టుకుని ఒంట్లో స్టాటిక్ వదిలించుకుని, కార్డు తీసి చూశాను. చిప్ మీద ఏఎస్‌ఎం1061 అని ఉంది. చవకగా దొరికే రెండు పోర్టుల కార్డుల్లో ఎక్కువగా కనపడేది ఇదే. పక్కన ఎనిమిది కాళ్ళ బుల్లి చిప్ కూడా ఉంది. రోమ్ ఉండేది అందులోనే. కొన్ని చవక కార్డుల్లో ఆ చోటు ఖాళీగా వదిలేస్తారు. అవి అదనపు డిస్కులకి పనికొస్తాయి గానీ వాటి మీంచి విండోస్ లేవదు. మీరు కొనేటప్పుడు పెట్టె మీద బొమ్మ కాకుండా కార్డు చూడండి. ఇంకోటి: పొడుగ్గా తెల్లగా ఉండే పాత పీసీఐ స్లాట్ వేరు, పొట్టిగా ఉండే పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ వేరు. ఈ కార్డు పొట్టిదాన్లో పెట్టేది. గ్రాఫిక్స్ కార్డు కోసం ఉండే పెద్ద స్లాట్‌లో కూడా పడుతుంది గానీ, కొన్ని బోర్డుల్లో అక్కడేదన్నా పెడితే బోర్డు మీదున్న డిస్‌ప్లే ఆగిపోతుంది.

నేను పని చేస్తుంటే బాబాయ్ బీరువాలోంచి ఒక పాత నోట్‌బుక్ తీసుకొచ్చాడు. తొంభైల్లో మొదటి కంప్యూటర్ కొన్నప్పటిది. శుభలేఖల ఆర్డర్ల వెనక పేజీలో "సౌండ్ – 220, ఐఆర్‌క్యూ 5, డీఎంఏ 1, ప్రింటర్ – ఐఆర్‌క్యూ 7, హార్డ్ డిస్క్ – 14" అని రాసిపెట్టుకున్నాడు. నేను కాలేజీలో పుస్తకంలో చదువుకున్నవి ఈయన చేత్తో పెట్టినవి! ఆ రోజుల్లో ఐఎస్ఏ కార్డులు. ఏ కార్డు ప్రాసెసర్‌ని ఏ నంబరు మీద పిలవాలో మనుషులే నిర్ణయించి, కార్డు మీదుండే చిన్న చిన్న జంపర్లు పీకి పెట్టాలి. మొత్తం ఉన్నవి 16 నంబర్లు, 0 నుంచి 15 దాకా. అందులో చాలావాటిని కీబోర్డు, గడియారం లాంటివి ముందే ఆక్రమించేసి ఉండేవి. తొలినాళ్ళ సౌండ్ కార్డులు ఐఆర్‌క్యూ 7 మీద పెట్టి వచ్చేవి. ప్రింటర్ పోర్టుదీ అదే నంబరు. "పాట పెడితే ప్రింటర్ తిక్కతిక్కగా చేసేదిరా. ఎవరో చెబితే జంపర్ 5కి మార్చా" అన్నాడు బాబాయ్.

1992లో పీసీఐ, 1995లో విండోస్ 95తో ప్లగ్ అండ్ ప్లే వచ్చాక ఆ బాధ చాలావరకు తీరింది. ఇప్పుడు కార్డే తన పేరు, ఊరు చెప్పుకుంటుంది. తయారీదారు నంబరు ఒకటి, కార్డు నంబరు ఒకటి, దానికి తోడు వృత్తి నంబరు. 01, 06, 01 అని చెప్పిందంటే "నేను స్టోరేజీ కార్డుని, సాటా రకం, ఏహెచ్‌సీఐ పద్ధతిలో పనిచేస్తాను" అని అర్థం. కార్డు తయారీదారు ఎవరైనా సరే, ఈ మూడు అంకెలు చూసి విండోస్ 7 తన దగ్గరున్న మామూలు ఏహెచ్‌సీఐ డ్రైవర్ ఇచ్చేస్తుంది. ఎక్స్‌పీలో అయితే ఆ డ్రైవరే లేదు. కార్డు కంపెనీ ఇచ్చిందే వేసుకోవాలి.

ముందుగా చేసిన పని విండోస్‌ని లేపకపోవడం. డిస్క్ ఆరోగ్యం తెలియకుండా దాని మీద విండోస్ నడపడం అనవసరం. పెన్ డ్రైవ్ మీంచి లైనక్స్ లేపాను. పాత డిస్క్ బోర్డు మీదున్న మంచి పోర్టులో, కొత్త ఎస్‌ఎస్‌డీ కార్డుకి. లైనక్స్‌లో కార్డు వెంటనే కనపడింది, దానికున్న ఎస్‌ఎస్‌డీ కూడా. అంటే కార్డు బాగుంది, స్లాట్ బాగుంది, తీగ బాగుంది. ఇక మిగిలిన గొడవంతా విండోస్‌కీ డ్రైవర్‌కీ మధ్యనే. ఇలా అనుమానితుల జాబితా ఒక్కసారిగా కుంచించుకుపోయినప్పుడు వచ్చే హాయి, కోడ్‌లో బగ్ దొరికినప్పటి హాయి ఒకటే.

కానీ పాత డిస్క్ రిపోర్టు చూస్తే హాయి కాస్తా పోయింది. డిస్కులు తమ ఆరోగ్యం తామే రాసుకుంటాయి. స్మార్ట్ అంటారు దాన్ని. పాడైపోయి పక్కనపెట్టిన సెక్టార్లు వందల్లో ఉన్నాయి, చదవలేక వాయిదా వేసుకున్నవి ఇంకొన్ని. నీలం తెర ఈ డిస్క్ వల్ల రాలేదు, కానీ ఇది ఎన్నాళ్ళో ఉండేలా లేదు. ఆ రోజు ఫార్మాట్ కొట్టి మళ్ళీ దీని మీదే విండోస్ వేసి ఉంటే!

చావుబతుకుల మధ్య ఉన్న డిస్క్‌ని ఒక్కసారే చదివించాలి. అందుకు డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. అది ముందు తేలిగ్గా వచ్చే భాగాలన్నీ లాగేసుకుని, మొరాయించే చోట్లని ఒక పట్టికలో రాసుకుని, చివర్లో తీరిగ్గా వాటి దగ్గరికి తిరిగొస్తుంది. మామూలు కాపీ అయితే మొదటి చెడ్డ చోటే తల బాదుకుంటూ కూర్చుంటుంది. కార్డు మీదున్న ఎస్‌ఎస్‌డీకి నేరుగా కాపీ పెట్టాను. మూడు గంటలు పట్టింది. బాబాయ్ షట్టర్ దగ్గరే కుర్చీ వేసుకుని, వచ్చినవాళ్ళందరికీ "సోమవారం రండి" అని చెబుతూ, ప్రతి పది నిమిషాలకీ తెర వైపు చూస్తున్నాడు. మొత్తం మీద 36 కేబీ రాలేదు. అది ఏ ఫైల్‌లో పడిందో వెతికితే, ఏదో పాత దసరా సేల్ కరపత్రంలో బొమ్మ. "ఆ షాపే మూసేశారు, పోతే పోనీ" అన్నాడు బాబాయ్.

తర్వాత ఎస్‌ఎస్‌డీ నుంచి బయటి డిస్క్‌కి ఇంకో కాపీ పెట్టి భోజనానికి వెళ్ళాం. ఈ బోర్డుకి యూఎస్‌బీ 2 తప్ప లేదు. సెకనుకి 30 ఎంబీ చొప్పున 500 జీబీ అంటే నాలుగున్నర గంటలు. పాత డిస్క్‌ని తీగలు పీకి, మీద తేదీ రాసి, బీరువాలో పెట్టేశాం.

ఆదివారం అసలు పరిచయం. ఎస్‌ఎస్‌డీని కార్డు నుంచి తీసి, బోర్డు మీదున్న మంచి పోర్టుకి తగిలించాను. కార్డుకి ఏమీ లేదు, ఖాళీగా స్లాట్‌లో ఉంది. ఇప్పుడు విండోస్‌కి తెలిసిన దారిలోనే డిస్క్ ఉంది కాబట్టి మారుమాట లేకుండా లేచింది. లేచిన నిమిషానికి కింద మూలన "కొత్త పరికరం దొరికింది, డ్రైవర్ వేస్తున్నాను" అని చిన్న బుడగ. డివైస్ మేనేజర్‌లో చూస్తే "స్టాండర్డ్ ఏహెచ్‌సీఐ" అని రెండో కంట్రోలర్. రెగ్‌ఎడిట్ తెరిచి ఎంఎస్ఏహెచ్‌సీఐ అనే సర్వీసు దగ్గర "స్టార్ట్" విలువ చూశాను. సున్నా ఉంది. సున్నా అంటే బూటింగ్‌లోనే లేవాలని. పక్కనపెట్టిన రోజుల్లో అక్కడ 3 ఉంటుంది. ఈ ఒక్క అంకె కోసమే ఆ ఫార్మాట్ గొడవంతా.

మెషీన్ ఆపి, తీగని కార్డుకి మార్చి, ఆన్ చేశాను. నల్ల తెర మీద "డిస్క్ బూట్ ఫెయిల్యూర్." బాబాయ్ మొహం వాడిపోయింది. నాకు మాత్రం ఇది నీలం తెర కన్నా నయం అనిపించింది. విండోస్ దాకా వెళ్ళనే లేదు, ఆగింది బయోస్ దగ్గర. మూలన టైము చూస్తే 2009 చూపిస్తోంది. "అదెప్పట్నుంచో అంతే, పట్టించుకోవట్లా" అన్నాడు బాబాయ్. బోర్డు మీద రూపాయి బిళ్ళలా ఉండే సీఆర్2032 బ్యాటరీ అయిపోయింది. పవర్ తీగ పీకినప్పుడల్లా బయోస్ తన సెట్టింగులన్నీ మర్చిపోయి మొదటికొస్తోంది. పక్క వీధిలో వాచీల షాపులో బ్యాటరీ తెచ్చి వేశాం. బయోస్‌లోకి వెళ్ళి "హార్డ్ డిస్క్ బూట్ ప్రయారిటీ"లో "బూటబుల్ యాడ్-ఇన్ కార్డ్స్" అన్నదాన్ని పైకి తెచ్చాను. మన కార్డు అక్కడ తన సొంత పేరుతో కాకుండా ఆ ఉమ్మడి పేరుతో ఉంటుంది. చాలామంది దాన్ని చూసి కూడా తమది కాదనుకుంటారు.

అక్కడే ఉన్నాను కదా అని ఇంకోటి కూడా మార్చాను: "ఆన్‌బోర్డ్ ల్యాన్ బూట్ రోమ్" ఆపేశాను. ఈ ఆప్షన్ రోమ్‌లన్నీ కలిసి సర్దుకోవాల్సిన చోటు పాత మెషీన్లలో చాలా ఇరుకు, మొత్తం 128 కేబీ. డిస్‌ప్లే రోమ్ అందులో పెద్ద ముక్క తీసుకుంటుంది. ల్యాన్‌ది కూడా కూర్చుంటే కొన్ని బోర్డుల్లో సాటా కార్డుకి సీటు దొరకదు, కార్డు ఉన్నా లేనట్టే ఉంటుంది. మా బోర్డులో ఆ ఇబ్బంది రాలేదు. మీ బోర్డులో కార్డు పేరు తెర మీద అసలు రాకపోతే మొదట చూడాల్సింది ఇదే.

ఈసారి బయోస్ తెర తర్వాత కార్డు తన పేరు, ఎస్‌ఎస్‌డీ పేరు చూపించింది. విండోస్ గుర్తు వచ్చింది. నీలం తెర వచ్చే క్షణం దాటిపోయింది. బాబాయ్ డెస్క్‌టాప్, దాని మీద గోడకి పిడకలు కొట్టినట్టున్న ఫోల్డర్లు.

ఒక్క మంచి పోర్టు ఉంది కదా, ఎస్‌ఎస్‌డీని దానికే వదిలేస్తే పోయేదిగా అని మా తమ్ముడు అడిగాడు. మూడు పోర్టులు పోయిన చిప్‌దే ఆ నాలుగోది కూడా. దాని మీద షాపు పెట్టలేను. అదీగాక కార్డుకి ఇంకో పోర్టుంది. దానికి రోజూ బ్యాకప్ పడే రెండో డిస్క్ పెడదామని నా ఉద్దేశం.

స్పీడు గురించి కూడా చెప్పాలి. ఎస్‌ఎస్‌డీ పెట్టె మీద సెకనుకి 500 ఎంబీకి పైనే అని రాసి ఉంటుంది. ఈ బోర్డు స్లాట్ మొదటి తరం పీసీఐ ఎక్స్‌ప్రెస్, ఒకే లేన్. దాని గరిష్ఠమే సెకనుకి 250 ఎంబీ. నాకు వచ్చింది 190 చిల్లర. "సగం కూడా రాలేదు, మోసపోయాం" అనుకోనక్కర్లేదు. పాత డిస్క్ నత్తలా నడిచింది పెద్ద ఫైళ్ళు చదవలేక కాదు. వేల చిన్న ఫైళ్ళ కోసం లోపలున్న ముల్లు అటూ ఇటూ పరిగెత్తలేక. ఒక్కో వెతుకులాటకి పది మిల్లీసెకన్ల పైనే పట్టేది ఇప్పుడు పదో వంతు మిల్లీసెకను కూడా పట్టదు. ఇంతకుముందు పేజ్‌మేకర్ తెరుచుకునేలోపు బాబాయ్ టీ తాగొచ్చేవాడు.

విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ 2020 జనవరితో అప్‌డేట్లు ఆపేసింది కాబట్టి నెట్ తీగ పీకేశాను. వాట్సాప్‌లో వచ్చే ఫొటోలకి, మెయిల్‌కి పక్కనున్న ల్యాప్‌టాప్, అక్కణ్ణించి పెన్ డ్రైవ్. ఇది బాబాయ్‌కి నచ్చలేదు, ఇప్పటికీ గొణుగుతున్నాడు.

బయల్దేరే ముందు క్యాబినెట్ లోపలి తలుపుకి ఒక కాగితం అంటించాను: ఏ తీగ దేనికి, బయోస్‌లో ఏది పైన ఉండాలి, బ్యాటరీ వేసిన తేదీ, "కార్డు తీయకండి" అని. మర్నాడు బాబాయ్ ఫొటో పంపాడు. నా చేతిరాత బాగోలేదని మొత్తం అను ఫాంట్‌లో మళ్ళీ టైప్ చేసి, చుట్టూ శుభలేఖ బార్డర్ పెట్టి, లామినేషన్ చేయించి అంటించాడు.